ఏమర్థమైందో చెప్పండి

నేనుండేది ఒక లంకలో. ఎల్బె నది హాంబర్గ్ దగ్గర రెండు పాయలై మళ్లీ కలుస్తుంది. ఆ పాయల నడుమనున్న నేల విల్హెల్మ్స్‌బర్గ్. కిరాయి కాస్త తక్కువని నాలాంటివాళ్లం చాలామందిమి ఇక్కడే ఉంటాం. పొద్దున డ్యూటీ ఆరింటికి. నాలుగున్నరకు లేచి, రాత్రి వండిన అన్నంలో ఇంత పెరుగు కలిపి డబ్బాలో పెట్టుకుని 13 నంబరు బస్సు అందుకుంటాను. డిసెంబరులో అయితే ఎనిమిదిన్నర దాటాక గానీ తెల్లారదు, సాయంత్రం నాలుగింటికే మళ్లీ చీకటి. బస్టాపులో నా పక్కన నిలబడేవాళ్లలో టర్కీ ఆమె ఉంటుంది, ఘనా ఆయన ఉంటాడు, బల్గేరియా నుంచి వచ్చిన అన్నదమ్ములు ఇద్దరుంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. అందరం ‘మోయిన్’ అని పలకరించుకుంటాం. పొద్దునైనా, మాపటికైనా, అర్ధరాత్రయినా ఈ ఊళ్లో పలకరింపు ఆ ఒక్క మాటే.

ఈ లంక కథ ఒకటి చెప్పాలి. 1962 ఫిబ్రవరి 16 రాత్రి సముద్రం పోటెత్తి ఎల్బెలోకి తోసుకొచ్చింది, కట్టలు తెగాయి. హాంబర్గ్‌లో 315 మంది చనిపోయారు. ఎక్కువమంది మా విల్హెల్మ్స్‌బర్గ్ వాళ్లే. ముందుగా ఎవరూ చెప్పలేదా అంటే, రేడియోలో చెప్పారు. కానీ ఉత్తర సముద్ర తీరానికి పోటు ప్రమాదం అని చెప్పారు. సముద్రం ఇక్కడికి నూరు కిలోమీటర్లు. మనకేం కాదులే అని జనం పడుకున్నారు. ఇప్పుడు వరద భయమున్న ఇళ్లకు నగరం వాళ్లు కరపత్రం ఇస్తారు. పోటు వస్తే ఎటు పోవాలి, బస్సు ఎక్కడ ఆగుతుంది, వెంట ఏం పట్టుకోవాలి అని పటం వేసి మరీ ఉంటుంది. ఇతర భాషల్లో కూడా దొరుకుతుంది. నేను ఈ ఇంట్లో దిగిన కొత్తలో, భాష ఇంకా సరిగా అందని రోజుల్లో, పూర్తిగా అర్థమైన మొదటి సర్కారు కాగితం అదే.

మాది యాచారం. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటాక వస్తుంది. నాయినకు ఎకరంన్నర ఉంది, బోరు పోసినన్ని రోజులు టమాట, వంకాయ వేస్తాడు. నేను బీఎస్సీ నర్సింగ్ చదివి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆరేళ్లు చేశాను. తర్వాత మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ఇక్కడికి వచ్చాను. హైదరాబాద్‌లోనే జర్మన్ బీ1 దాకా నేర్చుకున్నాను, ఇక్కడికి వచ్చి బీ2 రాశాను. పరీక్ష పాసై నా చదువును వీళ్లు ఒప్పుకునేదాకా సహాయకురాలిగానే పనిచేశాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని 2024లో జర్మనీ ప్రకటించాక మా ఊరి చుట్టుపక్కల నుంచి కూడా నాకు ఫోన్లు పెరిగాయి. అందరూ అడిగేది జీతం ఎంత అని. రెండో ప్రశ్న చలి ఎట్లుంటది అని. భాష గురించి అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

నర్సుకు ఇక్కడ చేతి పని ఎక్కువ. మన దగ్గర పేషంటుకు ఒళ్లు తుడవడం, తినిపించడం, బట్టలు మార్చడం వెంట వచ్చిన ఇంటివాళ్లో ఆయమ్మో చూసుకుంటారు. ఇక్కడ అది నర్సు పని. మొదట్లో కొందరికి మనసు కష్టమవుతుంది, డిగ్రీ చదివి ఇదా అని. నాకు మాత్రం అదే పాఠశాల అయింది. మనిషికి వీపు రుద్దుతుంటే తన బాధంతా చెప్పుకుంటాడు. అట్లా విన్న మాటలే నాకు వచ్చిన అసలు జర్మన్.

రాని మాట ఎంత పని చేస్తుందో కూడా అక్కడే తెలిసింది. వచ్చిన మూడో నెల. ఒక పెద్దాయనను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆయన నా చెయ్యి పట్టుకుని ‘షుమ్‌రిగ్’ అన్నాడు. నేను చదివిన పుస్తకాల్లో ఆ మాట లేదు. కళ్లు తిరగడానికి నేను నేర్చుకున్న మాట వేరు. సరే సరే అంటూ లేపాను. రెండడుగులు వేసి మోకాళ్ల మీద కూలిపోయాడు. నా భుజం అడ్డం పెట్టాను కాబట్టి తల తగల్లేదు. కళ్లకు చీకట్లు కమ్ముతున్నట్టుంది అని ఆ మనిషి చెప్పాడు, నేను వినలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నుంచి జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకున్నాను. ముసలివాళ్లు నొప్పికి, వాంతికి, దడకు, నీరసానికి వాడే మాటలన్నీ అందులో రాసుకున్నాను. ఇప్పుడది మూడో పుస్తకం.

రాసుకుంటుంటే మన మాటలు గుర్తొచ్చేవి. కడుపుల దేవినట్టు అయితున్నది. పానం గాబరా గాబరా అయితున్నది. గుండెల పట్టేసినట్టున్నది. కాళ్లు గుంజుతున్నయ్. తిమ్మిరెక్కింది అనే మనిషికి, మొద్దుబారింది అనే మనిషికి ఉన్న తేడా వైద్యం చేసేవాళ్లకు అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లో నాతో పనిచేసిన మలయాళీ సిస్టర్లు ఈ మాటలన్నీ వార్డులో పేషంట్ల దగ్గరే నేర్చుకున్నారు. వాళ్లకు ఏ పరీక్షా లేదు, ఎవరూ నేర్పలేదు. వాళ్లంతట వాళ్లే నేర్చుకున్నారు. అప్పుడు నాకు తట్టలేదు గానీ ఇప్పుడు వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక అసలు మాట. పోయిన చలికాలం మా వార్డుకు 77 ఏళ్ల మనిషి వచ్చాడు. పెద్దపేగులో గడ్డ, ఆపరేషన్. బతుకంతా రేవులో మూటలు మోసినవాడు, మన మాటలో చెప్పాలంటే హమాలీ. కాఫీ బస్తాకు ఇనుప కొక్కెం తగిలించి వీపు మీదికి ఎట్లా ఎత్తుకోవాలో చేతులతో చేసి చూపించాడు. 1968 మే 31న ‘అమెరికన్ లాన్సర్’ అనే ఓడ పూర్తిగా కంటెయినర్లతోనే నిండి బుర్చర్డ్‌కై రేవుకు వచ్చింది. ఆ రోజు ఈయన గట్టున నిలబడి చూశాడట. ఇక మా వీపులతో వీళ్లకు పని లేదని మాకు అప్పుడే తెలిసింది అన్నాడు. చదువు పెద్దగా లేదు. మాట్లాడేది రేవు యాస, సగం నాకు అందదు.

ఆపరేషన్‌కు ముందురోజు డాక్టరమ్మ వచ్చింది. నిలబడి మాట్లాడలేదు. కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంది. ఫారం మీదనే పెన్నుతో పేగు బొమ్మ గీసింది. ఇక్కడ కోస్తాం, ఇక్కడ అతుకుతాం, అతుకు మానేదాకా పొట్ట పక్కన రంధ్రం చేసి సంచి పెడతాం, చాలామందికి కొన్ని నెలలకు తీసేస్తాం, కొందరికి తీయలేకపోవచ్చు అని చెప్పింది. అతుకు ఊడితే ఏమవుతుందో కూడా దాచలేదు. అంతా చెప్పి, అర్థమైందా అని అడగలేదు. మీకేమర్థమైందో మీ మాటల్లో చెప్పండి అంది. ఆయన కాసేపు బొమ్మ వైపు చూశాడు. పైపు కుళ్లింది, ఆ ముక్క కోసేసి జాయింటు వేస్తారు, జాయింటు గట్టిపడేదాకా నీళ్లు పక్కదారిన మళ్లిస్తారు, అంతే కదా అన్నాడు. అంతే అంది ఆమె. అప్పుడు సంతకం. సంతకం పెట్టిన కాగితం నకలు ఒకటి ఆయన చేతికి ఇచ్చారు. దాన్ని మడిచి కళ్లద్దాల డబ్బాలో పెట్టుకున్నాడు.

ఇది ఆ డాక్టరమ్మ మంచితనం ఒక్కటే కాదు. 2013 నుంచి ఇక్కడ రోగుల హక్కులు చట్టంలో రాసి ఉన్నాయి. నోటితో చెప్పాలి, ఆలోచించుకునే టైము ఉండేట్టు ముందుగా చెప్పాలి, అవతలి మనిషికి అర్థమయ్యేట్టు చెప్పాలి, సంతకం చేసిన కాగితాల నకలు ఇవ్వాలి. ఇట్లా విడమరిచి చెప్పడాన్ని వీళ్లు ‘ఔఫ్‌క్లేరుంగ్’ అంటారు. తేటపరచడం అని అర్థం. నీళ్లు తేరుకుంటాయి చూడండి, అట్లా. అన్నీ ఇక్కడ బంగారమేమీ కాదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డాక్టరు ఉత్తరం లాటిన్ మాటలతో నిండి ఉంటుంది, ఇక్కడి ముసలివాళ్లు కూడా దాన్ని మా దగ్గరికి తెచ్చి ఇదేమిటమ్మా అని అడుగుతారు. కానీ దానికి తోడు ఇంకో కాగితం ఉంటుంది, మందుల పట్టీ. కనీసం మూడు రకాల మందులు వాడే రోగికి దాన్ని అడిగి తీసుకునే హక్కు 2016 నుంచి ఉంది. మందు పేరు, పొద్దున ఎన్ని, పగలు ఎన్ని, మాపటికి ఎన్ని, పడుకునే ముందు ఎన్ని అని గళ్లు. చివరి గడిలో ఆ మందు దేనికో మామూలు మాటలో రాస్తారు. బీపీకి. రక్తం గడ్డకట్టకుండా. నొప్పికి. నాకు ఆ చివరి గడి మీదే ప్రాణం.

ఎందుకో చెబుతాను. మా నాయినకు గుండెపోటు వచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద స్టెంటు వేశారు. వైద్యం బాగానే చేశారు, దానికి నాకు ఫిర్యాదు లేదు, ప్రాణం నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు నాలుగు పేజీల కాగితాలు చేతిలో పెట్టారు. నాలుగూ ఇంగ్లిషులో. రెండు నెలల తర్వాత ఒకరోజు పొద్దుటి డ్యూటీ దిగి లాండుంగ్స్‌బ్రుకెన్ రేవు నుంచి 62 నంబరు ఫెర్రీ ఎక్కాను. నాకు అలసట అనిపిస్తే ఊరికే అందులో ఫింకెన్‌వెర్డర్ దాకా పోయి వస్తాను. బస్సు టికెట్టే దానికీ చెల్లుతుంది. అవతలి ఒడ్డున ఎయిర్‌బస్ ఫ్యాక్టరీ. దాన్ని చూస్తే విమానాల భాగాలు తయారుచేసే మా ఆదిబట్ల గుర్తొస్తుంది, ఇంటి వాసన కాస్త తగులుతుంది. ఫెర్రీ బుర్చర్డ్‌కై క్రేన్ల పక్క నుంచి పోతుండగా అమ్మ వాట్సాప్‌లో ఫోటో పంపింది. ఖాళీ అయిన గోలీల స్ట్రిప్పు. వెంటనే ఫోను.

“ఈ గోలీలు ఒడిసినయ్ బిడ్డా. నాయినకు నొప్పేం లేదు. మళ్ల తేవాల్నా?”

“ఒడిసి ఎన్నొద్దులైందమ్మా?”

“నాలుగొద్దులు.”

ఫోటో పెద్దది చేసి చూశాను. క్లోపిడోగ్రెల్. స్టెంటు వేసినచోట రక్తం గడ్డకట్టకుండా కాపాడేది అదే. గుండెపోటుకు స్టెంటు వేస్తే మామూలుగా ఏడాదిదాకా ఆపకూడదు. డాక్టరును అడగకుండా ఆపితే స్టెంటు మూసుకుపోయి మళ్లీ గుండెపోటు రావచ్చు. అమ్మ దృష్టిలో అది నొప్పి గోలీ. నొప్పి పోయింది, గోలీ ఎందుకు? ఆమె ఆలోచనలో తప్పు లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫెర్రీలో నలుగురూ తిరిగి చూసేట్టు అరిచాను. అన్న బండి వేసుకుని ఇబ్రహీంపట్నం పోయి గోలీలు తెచ్చి, నాయిన వేసుకున్నాడని ఫోటో పెట్టేదాకా నేను ఫెర్రీ దిగలేదు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. మర్నాడే నాయినను డాక్టరుకు చూపించమన్నాను. ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం.

అన్నకు ఇంగ్లిషు చదవడం వచ్చు. ఆ నాలుగు పేజీలూ చదివాడట. గోలీ పేరు ఉంది, 75 అని ఉంది, ‘ఓడీ’ అని ఉంది. రోజుకొకటి అని దానర్థం. ఎందుకు, ఎన్నాళ్లు అనేది ఎక్కడో మూడో పేజీలో నాలుగు పొడి అక్షరాల్లో ఉంది. బీడీ, టీడీఎస్, హెచ్‌ఎస్, ఎస్‌ఓఎస్. వీటిని చదివేవాడు మా ఊళ్లో ఎవరు? మెడికల్ షాపు పిల్లగాడు. లేదంటే ఆర్‌ఎంపీ. చదువు లేని వైద్యుడి దగ్గరికి జనం ఎందుకు పోతారని పట్నంలో చాలామంది కోప్పడతారు. నాకు తెలిసిన కారణం ఒకటుంది. ఆయన కూర్చోబెట్టి తెలుగులో చెబుతాడు. నీకేమైందో, ఏం తినాలో, ఎప్పుడు మళ్లీ రావాలో చెబుతాడు. చెప్పింది కొన్నిసార్లు తప్పు కావచ్చు, ప్రమాదం కూడా కావచ్చు, కానీ చెబుతాడు. ఆ పని పెద్ద ఆసుపత్రి చెయ్యనన్ని రోజులు ఆర్‌ఎంపీ గడప ఖాళీ కాదు.

ఇతరులను అనేముందు నా సంగతి ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో ఆరేళ్లు నేను చేసిందీ అదే. ఆపరేషన్ సమ్మతి ఫారం ఇంగ్లిషులో ఉండేది. “పెద్దాయనా, ఇక్కడ సంతకం పెట్టండి, ఇక్కడ కూడా” అని వేలితో చూపించేదాన్ని. వేలిముద్ర వేసేవాళ్లకు సిరా డబ్బా పట్టుకునేదాన్ని. ఏంది బిడ్డా ఇది అని ఎవరన్నా అడిగితే, ఏం లేదు, ఆపరేషన్ చేసేముందు అందరూ పెట్టేదే అనేదాన్ని. ఒక్కొక్క షిఫ్టులో అంతమంది, కూర్చుని చెప్పే టైము లేదు, చెప్పమని కూడా ఎవరూ అనలేదు. ఇప్పుడు ఇక్కడ పరాయి భాషలో ముసలి హమాలీకి కూడా విడమరిచి చెప్పగలుగుతున్నాను. నా భాషలో నా జిల్లా మనుషులకు చెప్పలేదు. ఈ బాధ నన్ను వదలదు.

2022 ఆగస్టు 25న మా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్కరోజే 34 మంది ఆడవాళ్లకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. కారణం ఇన్ఫెక్షన్ అని విచారణలో తేలింది. భాష వల్ల జరిగిందని నేను అనడం లేదు. కానీ నర్సును కాబట్టి ఆ వార్త చదివినప్పటి నుంచి ఒకటే తలుస్తాను. ఆపరేషన్ అయి ఇంటికి పోయే ప్రతి ఆడమనిషి చేతిలో ఒక తెలుగు కాగితం ఉండాలి. జ్వరం వస్తే, పొట్ట ఉబ్బితే, వాంతులు ఆగకపోతే, తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఫలానా చోటికి రావాలి అని పెద్దక్షరాల్లో ఉండాలి. చదవడం రాకపోతే ఆమె బిడ్డ చదువుతుంది, ఏడో తరగతి పిల్ల చాలు.

మన దగ్గర చట్టం లేదా అంటే, ఉంది. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, రోగికి తగినంత సమాచారం చెప్పి తీసుకున్నదే సమ్మతి అని తేల్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన మనిషికి గర్భసంచి తీసేసిన కేసు అది. ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి సంతకం తీసుకున్నారు. ఆ సంతకం చెల్లదని కోర్టు చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో కూడా రోగికి తన భాషలో తెలుసుకునే హక్కు ఉందని రాశారు. కోర్టు మాటా, కమిషన్ మాటా యాచారం దాకా రాలేదు.

అందుకని నేనడిగేది చాలా చిన్నది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ వైద్యం పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ప్రైవేటు ఆసుపత్రికి ఆ డబ్బు కట్టేది ప్రభుత్వం, అంటే మనం. బిల్లుతో పాటు ఒక్క పేజీ తెలుగు కాగితం, ఉర్దూ వాళ్లకు ఉర్దూ కాగితం, నకలు జతచేస్తేనే బిల్లు చెల్లిస్తామని నిబంధన పెట్టండి. అందులో మూడే ఉండాలి. ఏం జబ్బు, ఏం చేశారు. ఏ మందు ఎప్పుడు, దేనికి, ఎన్నాళ్లు. ఏం జరిగితే వెంటనే రావాలి. మందు పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండనివ్వండి, షాపులో స్ట్రిప్పు మీద ఉండేది అదే కాబట్టి. మిగతాది తెలుగు.

డాక్టర్లకు టైము లేదంటారు. నిజమే, లేదు. ఈ పని నర్సు చేయగలదు, ఇక్కడ మందుల గురించి చాలావరకు మేమే చెబుతాం. కానీ దాన్ని పనిగా లెక్కగట్టి, అందుకు మనిషిని పెట్టాలి. ఇరవై ఐదు పడకలకు ఒకే సిస్టర్‌ను పెట్టి ఇది కూడా చెయ్యమంటే మళ్లీ వేలు పెట్టి చూపించడమే అవుతుంది. వైద్యానికి తెలుగు మాటలు లేవంటారు. స్టెంటును స్టెంటే అందాం, మా అమ్మకు ఆ మాట వచ్చింది, ఇప్పుడు యాచారంలో అందరికీ వచ్చు. అది గుండెలో మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ అని చెప్పడానికి కావాల్సిన మాటలన్నీ మన దగ్గర ఉన్నాయి. నర్సింగ్ కాలేజీల్లో అనాటమీ నేర్పినట్టే, రోగికి చెప్పి తిరిగి చెప్పించుకోవడం కూడా నేర్పాలి, పరీక్ష పెట్టాలి. వేరే రాష్ట్రం నుంచి వచ్చే సిస్టర్‌కు మూడు నెలలు జీతమిచ్చి తెలుగు నేర్పాలి. జర్మనీ నా దగ్గర బీ2 అడిగిందని నేను ఎన్నడూ కోపగించలేదు. అది నా కోసం కాదు, ఆ హమాలీ కోసం అడిగింది.

ఫెర్రీ సంగతి జరిగిన రాత్రి నేను ఇక్కడి పట్టీ లాంటిదే ఒకటి గీశాను. నాలుగు గళ్లు, పొద్దున, పగలు, మాపు, పడుకునేముందు. నాయిన చదవలేడు కాబట్టి గళ్ల పైన పొద్దుపొడుపు, నడినెత్తి సూర్యుడు, దీపం, చాప గీశాను. ఒక్కొక్క గోలీ ఎదురుగా దేనికో రాశాను. క్లోపిడోగ్రెల్ దగ్గర ఎర్ర పెన్నుతో, “స్టెంటు మూసుకపోకుండ. నొప్పి లేకున్నా ఆపొద్దు. ఒడిసేకంటె వారం ముందే తేవాలె.” ఫోటో తీసి పంపితే అన్న ప్రింటు తీయించి బియ్యం డబ్బా పైన గోడకు అతికించాడు. మర్నాడు వీడియో కాల్‌లో నాయినను అడిగాను, ఇది దేనికో చెప్పు నాయినా అని. స్ట్రిప్పు చేతిలో పట్టుకుని చెప్పాడు. “బోరు పైపుల జాలీ ఏసిండ్రు. నాసు పట్టకుండ ఇది.” సరిగ్గా చెప్పాడు.

పోయిన ఆదివారం అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఇక్కడ ఆదివారం దుకాణాలన్నీ బంద్ ఉంటాయి, ఇంట్లోనే ఉన్నాను. పక్కింటి పెద్దమ్మ మా ఇంటికి వచ్చి గోడ మీది కాగితం చూసిందట. షుగరుకు, బీపీకి, కీళ్లకు కలిపి ఆమెకు ఏడు గోలీలు. ఏది దేనికో ఆమెకు తెలియదు. ఏడు స్ట్రిప్పులూ చాప మీద వరసగా పెట్టి అమ్మ ఫోటో పంపింది. రెండిటి మీద పేరు ఉన్న వైపు చింపేసి ఉంది. అవి తిప్పి ఇంకోసారి తీసి పంపమని చెప్పి, తెల్ల కాగితం మీద స్కేలుతో గళ్లు గీయడం మొదలుపెట్టాను.